కూసొని చేసే పనికి అలుపేంది

మా మామ దృష్టిలో పని అంటే వంగి చేసేది. నాగలి పట్టినా, గడ్డపార పట్టినా, గంప ఎత్తినా నడుము వంగాలి, చెమట కారాలి. కూర్చుని చేసేది పని కాదు, సుఖం. దానికి తోడు ఏసీ కూడా ఉంటే ఇక చెప్పనక్కర్లేదు, అది దొరతనం. ఈ లెక్కన క్యాబ్ నడిపే మా ఆయన మా ఇంట్లో అందరికన్నా సుఖపడుతున్న మనిషి. ఈ సిద్ధాంతం చెప్పే మా మామ నాగలి వదిలి చాలా కాలమైంది. శామీర్‌పేట పక్కన మా పొలం ప్లాట్లుగా మారిన నాటి నుంచి ఆయనా కూర్చునే ఉన్నాడు, బస్టాండు దగ్గరి చాయ్ హోటల్ ముందు బల్ల మీద. అది మాత్రం సుఖం కాదట, పెద్దరికమట.

పొలం అమ్మిన డబ్బులో సగం కొత్త ఇల్లు మింగింది, సగం ఆడపడుచుల పెళ్లిళ్లు మింగాయి. ఆఖరికి మిగిలినదాంట్లోంచి ఒక తెల్లకారు వచ్చింది. దేవరయాంజాల్ రాముల గుడి ముందు దానికి పూజ చేయించి, పసుపు కుంకుమలు పెట్టి, తాళంచెవి మా ఆయన చేతిలో పెట్టారు. కొడుక్కి బతుకుతెరువు చూపించామని మా మామ ఊరంతా చెప్పుకున్నాడు. చూపించారు, నిజమే. ఆ కారులోంచి దిగి పడుకోవడం ఎప్పుడో మాత్రం ఎవరూ చూపించలేదు.

నేను కొంపల్లిలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. ఆ బడికి పిల్లలను పంపే తల్లిదండ్రుల్లో చాలామంది కోస్తా వైపు నుంచి వచ్చి విల్లాల్లో ఉంటున్న ఉద్యోగస్తులు. మా ఆయన రోజూ ఆఫీసుకు దించేదీ తెచ్చేదీ అలాంటివాళ్లనే. ఒక తల్లి ఒకసారి నాతో ఈ క్యాబ్ డ్రైవర్లంతా ఎప్పుడు చూసినా ఆవలిస్తూనే ఉంటారనీ, ఆవలించినవాడికల్లా తాను యాప్‌లో ఒక స్టార్ మాత్రమే ఇస్తాననీ చెప్పింది. వాళ్లకు ఆ మాత్రం భయం ఉండాలట. ఆమెకు నేను ఏం చెప్పను? ఆవలింతను చూసి భయపడాల్సింది పోయి, ఆవలించినవాణ్ణి భయపెడుతోంది. నిద్ర రాకుండా చేయడానికి ఇంతకన్నా చక్కని వైద్యం ఇంకెవరు కనిపెట్టగలరు.

ఇక ఆ యాప్ సంగతి. అది మా అత్తకన్నా తెలివైనది. మా అత్త కోడలి చేత పని చేయించాలంటే పిలవాలి, యాప్ పిలవదు, ఆశ పెడుతుంది. ఇంకో మూడు ట్రిప్పులు కొడితే అదనపు డబ్బు అంటుంది. ఆ మూడూ కొట్టాక ఇంకో రెండు అంటుంది. మధ్యలో ఒకసారి ‘మీ భద్రతే మాకు ముఖ్యం’ అని ఒక సందేశం పంపుతుంది. చాలా సేపు నడిపితే విశ్రాంతి తీసుకోమని తనంతట తానే ఆగిపోతుంది కూడా. అప్పుడు మా ఆయన ఏం చేస్తాడు? రెండో ఫోన్ తీసి రెండో యాప్ తెరుస్తాడు. స్టీరింగ్ ముందు రెండు ఫోన్లు పక్కపక్కనే నిలబెట్టి ఉంటాయి. ఒకటి పడుకోమంటే ఇంకొకటి పదమంటుంది. రెండు కంపెనీలకూ డ్రైవర్ భద్రతే ముఖ్యం, ఎవరి వాటా భద్రత వాళ్లు చూసుకుంటారు. ఆ ఇద్దరి భద్రత కలిపితే మనిషికి నిద్ర లేకుండా పోయింది.

ఇది చాలదన్నట్టు చుట్టాలు. కారున్నవాడికి చుట్టాలు ఎక్కువ. ఆయన ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే ఎవరిదో ఫోన్ వస్తుంది. ఒకరికి మేడ్చల్‌లో రిజిస్ట్రేషన్ ఉంటుంది, ఒకరికి ఆసుపత్రి, ఇంకొకరికి పెళ్లిచూపులు. ఎలాగూ రోడ్డు మీద తిరిగేవాడివే కదా అంటారు. చేపకు ఈత ఎలాగూ వచ్చు కాబట్టి మా బట్టలు కూడా ఉతికి పెట్టమన్నట్టు ఉంటుంది వాళ్ల వరస. మా ఆయనకు లేదనే మాట నోట్లోంచి రాదు. మా అత్త దాన్ని మంచితనం అంటుంది. నేను మెతకతనం అంటాను. ఆ విషయంలో ఆయన మీదా నాకు చులకన భావమే ఉంది, దాచుకోవడం ఎందుకు.

ఒకరోజు మధ్యాహ్నం ఆయన మంచం మీద వాలాడో లేదో మా మామ వచ్చి, చిన్నమామను తూంకుంట దాకా దించి రమ్మన్నాడు. చిన్నమామ అంటే మా మామ తమ్ముడు. ప్లాట్లు అమ్ముతాడు, పార్టీ జెండా మోస్తాడు, రెండింట్లో ఏది ఎప్పుడు చేస్తున్నాడో ఆయనకే తెలియదు. ఆయనకు సొంతంగా పెద్ద కారు ఉంది. కానీ దానికి దుమ్ము పడుతుందని బయటికి తీయడు. నేను ఆ రోజు ఊరుకోలేక అడిగాను, పొలం ఉన్నప్పుడు మీరు మధ్యాహ్నం పూట అరక విడిచి పడుకునేవాళ్లు కాదా అని. మా మామ చాలా ఓపిగ్గా, తెలియనిదానికి చెప్పినట్టు చెప్పాడు.

“ఎడ్లు అలుస్తయి బిడ్డా. ఎడ్ల కోసం ఇడుస్తుంటిమి. కారుకు అలుపేంది, డీజిల్ పోస్తే పొద్దుందాక నడుస్తది.”

ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే అలా అనుకుంటున్నాడు. ఎడ్లున్న కాలంలో ఎద్దు పుణ్యమా అని మనిషి కూడా ఇంత కునుకు తీసేవాడు. ఇప్పుడు ఎద్దు లేదు కాబట్టి ఆ కునుకూ లేదు. ఆ రోజు కూడా మా ఆయన లేచి ముఖం కడుక్కుని వెళ్లాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదడం ఎలా ఉంటుందో నాకు ఈ ఇంట్లోనే తెలిసింది.

ఇలా ఉండగా జరగాల్సింది జరిగింది. లా యూనివర్సిటీ దగ్గర ఎవరినో దించి వస్తూ, కరీంనగర్ రోడ్డు మీద, పట్టపగలు, మా ఆయన కారును డివైడర్ ఎక్కించాడు. ఆ సమయానికి వెనక బస్సు లేదు, పక్కన బైకు లేదు. ముందు బంపర్ ఊడింది, ఒక లైటు పగిలింది, ఆయన మోచేయి గీసుకుపోయింది. అంతే. ఆ అంతేలో ఎంత ఉందో నాకు తెలుసు కాబట్టి ఆ రోజు ఫోన్‌లో కబురు విన్నాక బళ్లో పిల్లలకు పద్యం చెబుతూ మధ్యలో ఆగిపోయాను. పిల్లలు నేను పద్యం మర్చిపోయాననుకున్నారు.

ఆయన ఇంటికొచ్చాక అందరూ చుట్టూ చేరి ఏమైందని అడిగారు. ఆయన ఉన్నమాట చెప్పాడు. “నిద్రొచ్చింది నాయినా, గంతే” అన్నాడు. ఎంత స్పష్టమైన మాట! అర్థం కాకపోవడానికి అందులో ఏమీ లేదు. అయినా ఆ గదిలో ఎవరికీ వినబడలేదు. కాసేపు చర్చించుకుని అందరూ కలిసి దిష్టి అని తేల్చారు. ఎదురింటి ఆమె మొన్ననే కారు చూసి మంచిగ మెరుస్తాంది అందట. డ్రైవర్ నిద్రపోయాడని డ్రైవరే చెబుతుంటే, ఎదురింటి ఆమె కళ్ల గురించి మాట్లాడుకున్నారు. రోగం ఒకటైతే మందు ఇంకొకటి అనే సామెత మా ఇంటి ముందు నుంచి వెళ్తూనే ఎవరో చెప్పి ఉంటారు.

మందు కూడా నిర్ణయమైపోయింది. మేడ్చల్ అవతల ఉన్న మా ఇంటి దేవత ఎల్లమ్మ దగ్గర కారుకు దిష్టి తీయించి, యాటపోతును కోసి, చుట్టాలందరికీ దావత్ ఇవ్వాలి. ఆదివారం అనుకున్నారు. శనివారం అంతా ఆయన్ను పడుకోనివ్వమని నేను అందరికీ ముందే చెప్పాను. యాప్‌కు ఎవరు చెబుతారు? పెళ్లిళ్ల రోజులు, ట్రిప్పు మీద ట్రిప్పు పడింది. తెల్లవారాక విమానాశ్రయం నుంచి ఎవరినో దించి వచ్చి, స్నానం చేసి, నుదుట బొట్టు పెట్టుకుని, మళ్లీ కారెక్కాడు. దావత్‌కు వచ్చే చుట్టాలను తేవాలి కదా. శామీర్‌పేట నుంచి ఒక విడత, కొంపల్లి నుంచి ఒక విడత, వంటమనిషి, గిన్నెలు, మర్చిపోయిన ఉప్పు ప్యాకెట్. యాట ఒక్కటే ట్రాలీ ఆటోలో హాయిగా వచ్చింది. నిద్ర లేక కారు గుద్దిన మనిషికి, అలా మళ్లీ జరగకుండా, నిద్ర లేకుండా చేసి పూజ చేయించడం. దీన్ని చూసి నవ్వాలో ఏడవాలో ఎల్లమ్మకే తెలియాలి.

గుడి ముందు వేపచెట్టు నీడలో కారు నిలబెట్టారు. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. పూజారి గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి కారు చుట్టూ తిప్పి, పగలగొట్టి, ఇక బండిని ముందుకు పోనియ్యమన్నాడు. నిమ్మకాయలు నలిగితే దిష్టి పోయినట్టు. బండి కదల్లేదు. మళ్లీ చెప్పాడు. కదల్లేదు. అందరూ అద్దంలోంచి తొంగి చూస్తే మా ఆయన స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని, తల ఒక పక్కకు వాల్చి, కొద్దికొద్దిగా ఊగుతున్నాడు.

మా అత్త వైపు ముసలామె ఒకామె అది చూసి చేతులు జోడించింది. “అమ్మ వచ్చింది. పిలగాని మీదికి ఎల్లమ్మ వచ్చింది” అంది. ఇక చూడండి. డోలు కొట్టేవాళ్లు జోరు పెంచారు. ఎవరో పసుపునీళ్లు తెచ్చి ఆయన తల మీద చల్లారు. నేను ముందుకు తోసుకుని వెళ్తూ అది నిద్ర అని అరుస్తూనే ఉన్నాను. అపచారం మాట్లాడొద్దని మా అత్త నా చేయి పట్టుకుని వెనక్కి లాగింది. చిన్నమామ అందరినీ తప్పించుకుని కారు కిటికీ దగ్గరికి చేరాడు. చెప్పులు విడిచి, కండువా నడుముకు కట్టుకుని, ఎల్లమ్మను అడగాల్సిన ముఖ్యమైన విషయం అడిగాడు.

“తల్లీ, గా రోడ్డు పక్క జాగ పంచాయితీ ఎప్పుడు తెగుతది?”

మా ఆయన కళ్లు సగం తెరిచాడు. ఎదురుగా కనిపిస్తున్న ముఖం ఎవరిదో పోల్చుకోలేకపోయాడు. కానీ అలవాటైన నోరు అలవాటైన మాటే అంది.

“ఓటీపీ చెప్పుండ్రి సార్.”

డోలు ఆగిపోయింది. ముందు కుర్రకారు నవ్వారు, తరువాత ఆడవాళ్లు, చివరికి పూజారి కూడా. ఆ నవ్వులో నేనూ ఒకదాన్ని. నవ్వుతూ నవ్వుతూ ఉంటే కళ్లలో నీళ్లు వచ్చాయి, అవి నవ్వు నీళ్లు కావని కాసేపటికి తెలిసింది. ఇంతమంది కళ్ల ముందు ఒక మనిషి కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రలోకి జారిపోయాడు. దాన్ని దేవత అనుకున్నారు, తరువాత తమాషా అనుకున్నారు, నిద్ర అని మాత్రం ఎవరూ అనుకోలేదు. ఆయన సిగ్గుపడుతూ ఇంజన్ వేసి నిమ్మకాయలు తొక్కించాడు. అందరూ చప్పట్లు కొట్టి భోజనాలకు వెళ్లిపోయారు.

భోజనాలయ్యాక ఆయన్ను గుడి షెడ్డులో ఒక గంట పడుకోనివ్వమని మా మామను అడిగాను. దిష్టి తీసేశాం కదా, ఇక ఏమీ కాదని ఆయన ధీమాగా చెప్పాడు. చిన్నమామకేమో ప్లాటు చూడటానికి కొనే పార్టీ వస్తోందట, జల్దీ శామీర్‌పేట చేరాలట. అందరం కారెక్కాం. మామ ముందు సీట్లో, వెనక చిన్నమామ, మధ్యలో అత్త, ఈ చివర ఆయన సీటు వెనకే నేను. మేడ్చల్ దాటేసరికి ముగ్గురు పెద్దలూ గుర్రుపెట్టి నిద్రపోయారు. కూర్చుని తిన్నవాళ్లకు అలుపు వచ్చింది మరి.

నేను డ్రైవర్ ముందున్న అద్దంలో మా ఆయన కళ్లనే చూస్తూ కూర్చున్నాను. మాట్లాడిస్తూనే ఉన్నాను. మొదట జవాబులు వచ్చాయి, తరువాత ఊ కొట్టాడు, తరువాత అదీ లేదు. రెప్ప పడుతోంది, లేస్తోంది. పడుతోంది, లేస్తోంది. ఒకసారి పడిన రెప్ప లేవలేదు. రోడ్డు వంపు తిరిగింది, కారు తిరగలేదు. ఎదురుగా రోడ్డు పక్కన కంకరతో ఆగి ఉన్న టిప్పర్ వెనక భాగం పెద్దదవుతూ వస్తోంది. నేను కేక పెట్టి ఆయన భుజం మీద బలం కొద్దీ కొట్టాను. ఆయన ఉలిక్కిపడి స్టీరింగ్ తిప్పి బ్రేకు తొక్కాడు. కారు టిప్పర్‌ను తప్పించుకుని మట్టిలోకి దిగి ఆగింది. అద్దంలోంచి చేయి చాపితే ఆ టిప్పర్‌ను ముట్టుకోవచ్చు.

మా అత్త ముందుగా తేరుకుని ఎల్లమ్మ కాపాడిందని దండం పెట్టుకుంది. ఎల్లమ్మ మీద నాకు కోపం లేదు. కానీ అరిచింది నేను, కొట్టింది నేను, చేయి ఇంకా మండుతున్నదీ నాకే.

పక్కనే ఒక వెంచర్ తాలూకు సిమెంటు ఆర్చి ఉంది. అవతల ప్లాట్ల రాళ్లు తప్ప ఏమీ లేవు. కారును ఆ నీడలోకి మెల్లగా తీయించి, చేయి చాపి తాళంచెవి లాగేసుకున్నాను. కోడలిగా వచ్చినప్పటి నుంచి ఆ పెద్దల ముందు గొంతు పెంచలేదు. ఆ రోజు కూడా పెంచలేదు.

“దిగుండ్రి. ఈయన ఇక్కడ్నే పండుకుంటడు” అన్నాను.

ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారని మా అత్త గొణిగింది. అయినా దిగింది. నా ముఖంలో ఏం కనిపించిందో మరి, అందరూ దిగారు. మా ఆయన సీటు వెనక్కి వాల్చుకున్నాడు. నేను కిటికీలు దించి తలుపు వేసేలోపే నిద్రపోయాడు. నోరు తెరుచుకుని, మెడ వంకర పెట్టుకుని, చిన్నపిల్లాడికన్నా అధ్వానంగా.

చిన్నమామకు మాత్రం పార్టీ వచ్చేస్తోంది. ఆయన ఫోన్ తీసి అదే యాప్‌లో ఒక క్యాబ్ బుక్ చేశాడు. సొంత అన్న కొడుకు కారు పక్కనే ఉండగా డబ్బు పెట్టి బండి ఎక్కాల్సి వచ్చిందన్న బాధ ఆయన ముఖంలో కనిపించింది. నాకు ఆ బాధ చూస్తే కడుపు నిండింది. కాసేపటికి ఒక క్యాబ్ వచ్చి ఆగింది. ముప్పై ఏళ్ల మనిషి నడుపుతున్నాడు. స్టీరింగ్ ముందు రెండు ఫోన్లు. మా మామ అలవాటు ప్రకారం ముందు సీటు తలుపు తెరిచి, ఒక కాలు లోపల పెట్టి, ఆ డ్రైవర్ ముఖం చూశాడు. పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాడు. తలుపు వేసి మా దగ్గరికి వచ్చాడు.

“గా పిలగాని కండ్లు జూసినవా? నెత్తుటి ముద్దలోలె ఉన్నయి. వాడు నిద్రల నడుపుతాండు. మేం గండ్ల ఎక్కం” అన్నాడు.

పరాయివాడి కళ్లను చదవడానికి మా మామకు ఒక్క చూపు చాలింది. టిప్పర్‌ను చూసి వచ్చిన భయం ఇంకా తగ్గలేదు, పోయేది తన ప్రాణం, అందుకని చూపు అంత చక్కగా పనిచేసింది.

“మామా, మూడేండ్ల సంది మనింట్ల తిరుగుతున్న కండ్లు గవ్వే” అన్నాను.

నేను ఆ డ్రైవర్ దగ్గరికి వెళ్లి, కాస్త సేపు ఈ నీడలో పడుకుని వెళ్లమన్నాను. అతను నవ్వి, ఇంకో రెండు కొడితే ఇన్సెంటివ్ అయితది అక్కా అన్నాడు. బుకింగ్ మీరే క్యాన్సిల్ చేయండి, నేను చేస్తే నాకు దెబ్బ అని చిన్నమామను బతిమాలాడు. చిన్నమామ విసుక్కుంటూ చేశాడు. అంతలోనే రెండో ఫోన్ మోగింది. అతను కళ్లు నులుముకుని, మేడ్చల్ వైపు బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. అతని ఇంట్లో ఇప్పుడు ఎవరు ఎదురు చూస్తున్నారో, వాళ్లు ఎవరి దిష్టి తీయిస్తున్నారో అనుకున్నాను.

నీడ జరిగింది. చిన్నమామ ఫోన్ మోగుతూనే ఉంది, పార్టీ ప్లాటు దగ్గర నిలబడి ఉన్నారట. ఆయన ఇక ఆగలేక కారు దగ్గరికి వెళ్లి, నిద్ర అయింది పో, లేవమంటూ, కిటికీలోంచి చేయి పెట్టి మా ఆయన భుజం కుదపబోయాడు. నేను లేచేలోపే మా మామ వెళ్లి తమ్ముడి మణికట్టు పట్టుకున్నాడు.

“లేపకు” అన్నాడు. “పండనియ్యి పోరన్ని.”

అత్త నా వైపు చూసింది, నేను సంతోషిస్తానని కాబోలు. నాకు సంతోషం రాలేదు. ఒళ్లు మండింది. ఇంత చిన్న మాట. డబ్బు అక్కర్లేదు, యాట అక్కర్లేదు, చుట్టాలు అక్కర్లేదు, నోరు తెరిస్తే వచ్చే మాట. ఆ మాట ఈ నోట్లో ఇన్నాళ్లూ ఉండి కూడా రాలేదు.